ఎండని చేప

ఏడు చేపల కథ మీద నాకు చిన్నప్పట్నుంచీ ఒక అనుమానం ఉండేది. రాజుగారి కొడుకులు వేటకెళ్ళి చేపలు తేవడమేంటి? వేటంటే విల్లూ బాణాలూ, గుర్రాలూ, అడవీ కదా. ఏడుగురు రాజకుమారులు అంత హంగామాగా బయల్దేరి, చివరికి తలా ఒక చేప పట్టుకొచ్చారంటే ఏదో మోసంలా అనిపించేది. మా నాయనమ్మనడిగితే కథకి కాళ్ళుండవు, ముంతకి చెవులుండవు అనేసి నోరు మూయించేది.

మొన్న మే నెలలో, ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాక, ఆ అనుమానం తీరింది. పిల్లల సెలవులకి కైకలూరు దగ్గర మా పుట్టింటికి వెళ్ళాం. పొద్దున్నే అరుగు మీద తాతయ్య పక్కన కూర్చుని మా పెద్దాడు పేపర్లో హెడ్డింగులు కూడబలుక్కుంటున్నాడు. వాడు హైదరాబాదులో మూడో తరగతి. తెలుగు వాడికి సెకండ్ లాంగ్వేజి. "వేట నిషేధం" దగ్గర ఆగి, "తాతయ్యా, ఇక్కడ పులులున్నాయా?" అన్నాడు. మా నాన్న నవ్వి, "పులుల్లేవురా, సముద్రంలో చేపల వేట" అన్నాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్లు, ఇంజను పడవలు సముద్రం మీదకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఈ వార్త నేను ఏటా చదువుతున్నదే. నర్సాపురం వైపు తీరంలో ఎవర్నడిగినా చేపలు పట్టడానికి పోయామనరు, వేటకి పోయామంటారు. అదీ తెలిసిందే. ఈ రెండిట్నీ ఆ కథ పక్కన పెట్టి ఎప్పుడూ చూసుకోలేదంతే. వేటంటే చేపలే అయిన మనుషుల నోట్లో ఆ మొదటి వాక్యంలో వింతేమీ లేదు. వింతగా ఉన్నది రాజొక్కడే.

అప్పట్నుంచి ఈ కథ నన్ను వదల్లేదు. దానికి ఆ సెలవుల్లోనే జరిగిన ఇంకో సంగతి కూడా కారణం. అదీ చెబుతాను.

కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా గుర్తు చేసుకుందాం. తెచ్చిన ఏడు చేపల్నీ ఎండబెడితే ఒకటి ఎండలేదు. దాన్నడిగితే గడ్డిమోపు అడ్డమంది. గడ్డి ఆవు మీద చెప్పింది, ఆవు కాపరి మీద చెప్పింది. కాపరి, అవ్వ తనకి అన్నం పెట్టలేదన్నాడు. అవ్వ, పిల్ల ఏడుస్తోందంది. పిల్ల, చీమ కుట్టిందంది. చీమ మాత్రం, తన పుట్టలో వేలు పెడితే ఊరుకుంటానా అని ఎదురడిగింది. కథ కంచికి, మనం ఇంటికి. ఊరిని బట్టి కొన్ని మారుతుంటాయి. గడ్డిమోపు కొన్నిచోట్ల గడ్డిమేటు అవుతుంది, కాపరి ఒకచోట గొల్లవాడు, ఒకచోట పాలేరు, అవ్వ స్థానంలో అమ్మో దాసో వస్తారు. చేపా చీమా మారగా మాత్రం నేను వినలేదు.

దీనికి ఇప్పుడు ఊళ్ళో తిరుగుతున్న వ్యాఖ్యానం దాదాపు ఒక్కటే. మీ ఫ్యామిలీ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది. కొడుకులు ఏడుగురూ శరీరంలోని సప్తధాతువులు, చేపలు కామక్రోధాదులు, ఎండకుండా మిగిలింది మనసు, గడ్డిమోపు అజ్ఞానం, ఆవు జ్ఞానం, కాపరి సద్గురువు, చీమ సంసారం. పంపినవాళ్ళని బట్టి ఒకటీ అరా అటూ ఇటూ అవుతాయి గానీ పద్ధతి ఇదే. చదివిన మొదటిసారి ఎవరికైనా ఆశ్చర్యంగానే ఉంటుంది, అన్నీ ఎంత బాగా కుదిరాయో అని. అలా కుదరడమే నా ఫిర్యాదు. కథలో ఉన్న ప్రతి వస్తువూ ఇంకేదో అయిపోతే ఆ వస్తువుతో ఇక పని ఉండదు. ఆ వ్యాఖ్యానం చేసే మొదటి పని, కథలోంచి నీచు వాసన తీసెయ్యడం. ఎండుచేప ఎండే చోట ఒక్క మధ్యాహ్నం నిలబడ్డవాళ్ళెవరికీ అది అరిషడ్వర్గంలా అనిపించదు. కాకులొస్తాయి, కుక్కలొస్తాయి, ఈగలు ముసురుతాయి, ఎవరో ఒక ఆడమనిషి కర్ర పట్టుకుని కాపలా కాయాలి, మధ్యమధ్య తిరగెయ్యాలి. ఒక పక్క నీడ పడితే ఆ పక్క చేప మెత్తబడి పాడవుతుంది. అంటే గడ్డిమోపు అడ్డొచ్చిందని చేప చెప్పిన జవాబు అచ్చంగా నిజం. వేదాంతం అక్కర్లేదు.

ఇంకో సంగతి. కాపరి సద్గురువైతే ఆయన ఆకలి ఎక్కడికి పోయింది? ఆ వ్యాఖ్యానంలో దానికి చోటు లేదు. నేను చూసినంతలో ఎవరూ దాని దగ్గర ఆగలేదు.

ఇప్పుడు ఆ ఇంకో సంగతికి వస్తాను. ఊరెళ్తే ఫిషింగ్ చేయిస్తానని పిల్లలకి మాటిచ్చాను. వాళ్ళు యూట్యూబులో చూసిన ఫిషింగు వేరు: నీలం సముద్రం, టోపీ పెట్టుకున్న నాన్న, రీలు తిప్పగానే తళతళలాడే చేప, అందరూ చప్పట్లు. నా దగ్గర ఉన్నది మా తమ్ముడి చేపల చెరువు గట్టు. అది అభయారణ్యం హద్దుకి బయటే ఉందని వాడంటాడు. సరే. వాడు వెదురుకర్రలు రెండు చెక్కించి, తంగూసు కట్టి, నెమలీక కాడతో బెండు కూడా పెట్టించి ఉంచాడు. ఎరకి వానపాములు. చిన్నది వాటిని చూసి కెవ్వుమంటే గోధుమపిండి ముద్ద చేశాం. ఆరింటికల్లా గట్టెక్కాం. ఏడున్నరకి కూడా బెండు కదల్లేదు.

కదలదని మా తమ్ముడికి తెలుసు. కొల్లేటి చెరువుల్లో మేత సంచుల్లో పెట్టి నీళ్ళలోకి వేలాడదీస్తారు. సంచికి చిల్లులుంటాయి, చేపలు మూతితో పొడుచుకుని తవుడు తింటాయి. మందలు మందలుగా సంచుల చుట్టూ చేరి కడుపు నింపుకున్న శీలావతులకీ బొచ్చెలకీ మా పిండిముద్ద మీద ఏం మోజు? గాలం వేసేవాడికి ఆకలితో ఉన్న చేప కావాలి. ఇక్కడ ఆకలే లేదు. మా చిన్నప్పుడు ఇదే పక్క కాలవలో పరిగెలూ జెల్లలూ నిమిషానికొకటి తగిలేవి. జెల్ల ముల్లు గుచ్చుకుని చెయ్యి రాత్రంతా సలిపిన రోజులున్నాయి. అది చెబితే మా పెద్దాడు, "అయితే మనం అప్పుడే రావాల్సింది" అన్నాడు.

ఎండెక్కుతోంది. మా తమ్ముడు నాకు కన్ను గీటి, "పిల్లల్ని పాకలోకి తీసుకెళ్ళి కాస్త మజ్జిగియ్యక్కా" అన్నాడు. తిరిగొచ్చేసరికి బెండు మునిగి ఉంది. పెద్దాడు కర్ర పట్టుకుని వెనక్కి పడేంత లాగాడు. కేజీ పైన శీలావతి. అందరం అరిచాం. మా ఆయన ఫోటోలు తీశాడు. వాడు దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన తీరు నేనెప్పటికీ మర్చిపోను. చిన్నది చేప మీద చెయ్యేసి, "చల్లగా ఉందేంటి? ఫ్రిజ్జులోదా?" అంది.

వాడి మొహం మారిపోయింది. దాన్ని తిప్పి చూశాడు. కదలట్లేదు. "అమ్మా, ఎందుకు చల్లగా ఉంది?"

అడుగు నీళ్ళు చల్లగా ఉంటాయన్నాను నేను. అడుగున ఉంటే మరి ఎందుకు చచ్చిపోయింది అన్నాడు. గాలం గొంతులో గుచ్చుకుందన్నాడు మా ఆయన. వాడు నోరు తెరిచి చూపించాడు, గాలం పెదవి చివర ఉంది. అప్పుడు మా తమ్ముడికి కోపమొచ్చింది. పిల్లల మీద కాదు. "బతికున్నది బకెట్లో ఉంచమని చెప్పానా లేదా?" అని కాపలా మనిషి మీదకి వెళ్ళాడు. నేను ఆడికి చెప్పానండి అన్నాడు కాపలా మనిషి. ఆడంటే వాళ్ళబ్బాయి, పదేళ్ళుంటాయేమో. తెల్లారుజామున ఇంకో చెరువులో పట్టుబడి ఉంది. కలకత్తా లారీకి ఐసు కొట్టి ట్రేలు సర్దుతుంటే వాడూ అక్కడే ఉన్నాడు. వాడు ఎవరి మీదా చెప్పలేదు. "బకెట్లో నీళ్ళు ఏడెక్కిపోయాయండి. తేలిపోతంది. సచ్చిపోద్దేమోనని అయిసులో ఎట్టా" అన్నాడు.

వాళ్ళ నాన్న వీపు మీద ఒకటిచ్చాడు. గట్టిగానే. పోనీలే పాపం అన్నారెవరో. నేను ఏమీ అనలేదు. చల్లగా ఎందుకుందో మొదట అబద్ధం చెప్పింది నేను. ఆ చేపని గాలానికి తగిలించిన చెయ్యి మా తమ్ముడిది, వాడికి ఆ పని పెట్టింది పిల్లల కోసం పోరిన నేను. ఫోటో అప్పటికే ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్ళిపోయింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. అది ఇంకా అక్కడే ఉంది.

చేప పట్టి ఇంటికి తెచ్చే పిల్లవాడి కథ అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది రేమండ్ కార్వర్ కథ, 1976లో వచ్చిన ఆయన మొదటి పెద్ద సంపుటంలోది. బడి ఎగ్గొట్టిన ఒకబ్బాయి ఇంకో అబ్బాయితో కలిసి ఒక పెద్ద చేప పడతాడు. ఇద్దరూ దాన్ని చెరిసగం కోసుకుంటారు. వీడు సగం చేప పట్టుకుని ఇంటికొస్తే లోపల అమ్మానాన్నా పోట్లాడుకుంటున్నారు; ఆ చేపని చూసి ఆనందించే స్థితిలో ఎవరూ లేరు, చూడగానే అసహ్యించుకుంటారు. ఎన్నిసార్లు చదివినా ఆ చివర నా గొంతు పట్టేస్తుంది. పెద్దవాళ్ళు అంత గుడ్డివాళ్ళేమిటని అప్పుడు కోపమొచ్చేది. ఇప్పుడనిపిస్తోంది, కనీసం వాడు పట్టింది నిజం చేప.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు చిన్నది కథ చెప్పమంది. మా నాన్న ఏడు చేపల కథ మొదలెట్టాడు. ఆ రోజు ఆ కథ ఎందుకెత్తుకున్నాడో అడగలేదు, అలవాటు అయ్యుండొచ్చు. ప్రతి ప్రశ్నకీ పిల్లలు గొంతు కలుపుతున్నారు. మధ్యలో మా పెద్దాడు ఆపి, "ఎవరడుగుతున్నారు తాతయ్యా?" అన్నాడు. "ఏంట్రా?" "చేపని ఎవరడుగుతున్నారు? రాజా?" మా నాన్న కాసేపు ఆలోచించి, "మనమే రా" అన్నాడు.

నేను ఎమ్మేలో జానపద సాహిత్యం ఒక పేపరుగా చదువుకున్నాను. గొలుసు కథ అనీ, పునరుక్తి అనీ, జ్ఞాపకశక్తికి తర్ఫీదు అనీ రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ ప్రశ్న నాకు రాలేదు. కథలో ఎనిమిది మంది రాజవంశీకులున్నారు, మొదటి రెండు వాక్యాల తర్వాత వాళ్ళలో ఒక్కరూ కనపడరు. చేపలు తెచ్చిందీ వాళ్ళే, ఎండబెట్టిందీ వాళ్ళే. ఒకటి ఎండలేదంటే మామూలుగా ఎండబెట్టినవాణ్ణి అడగాలి కదా, నీడలో ఎందుకు పడేశావయ్యా అని. కథ వాళ్ళని వదిలేసి తిన్నగా చేప దగ్గరికి పోతుంది. చచ్చిపోయిన చేప దగ్గరికి. నువ్వు సరిగ్గా ఎందుకు ఎండలేదో చెప్పుకో అని చచ్చినదాన్ని నిలదీస్తుంది. అదీ బుద్ధిగా జవాబు చెబుతుంది. ఇందులో ఎవరికీ ఏ వింతా కనపడదు, ఎందుకంటే అప్పటికే మనం లయలో పడిపోయాం. అడిగేవాడికి పేరు లేదు, మొహం లేదు, అడిగే గొంతు ఒక్కటే ఉంది. ఆ గొంతు మనది. మూడేళ్ళ పిల్లకి కూడా నోటికొచ్చేది ఆ అడగడమే. అడిగేవాణ్ణి తిరిగి అడిగే వీలు కథలో ఎక్కడా లేదు.

తర్వాత ఎవరేం చెబుతున్నారో వినండి. ఎండలేదు, మేయలేదు, మేపలేదు, పెట్టలేదు. కథ నడుమంతా ఈ ‘లేదు’ల వరసే. చెయ్యకపోవడం అనే నేరం మీద విచారణ ఇది. విచారణకి వచ్చినవాళ్ళంతా పనివాళ్ళు. ఆవూ పనిదే. ప్రతివాళ్ళూ తనకంటే చిన్నదాని మీదకి, లేకపోతే తనకంటే బలహీనమైనదాని మీదకి చూపిస్తారు. గడ్డి, ఆవుల దగ్గర ఈ లెక్క కొంచెం తడబడుతుంది, ఒప్పుకుంటాను. కాపరి దగ్గర్నుంచి మాత్రం తిన్నగా కిందకే: అవ్వ, పసిపిల్ల, చీమ.

నేను ఆగిపోయేది కాపరి దగ్గర. వాడు చెప్పింది సాకు కాదు. అన్నం పెట్టలేదు, కాబట్టి ఆవుని తోలుకెళ్ళలేదు. ఏ ఇంట్లో ఏ పాలేరు చెప్పినా అక్కడితో మాట తెగిపోవాలి: ముందు తిను నాయనా, తర్వాత చూద్దాం. కథ ఆ మాట విని, చెవిన పడనట్టే పక్కకి తిరిగి, అవ్వా అవ్వా అని మొదలెడుతుంది. రాజుగారింట్లో ఒక చేప ఎండలేదన్న గోలలో ఒక మనిషి తిండి తినలేదన్న వార్త ఇంకో మెట్టు మాత్రమే. ఏడు మెట్లలో నాలుగో మెట్టు. ఇది కథ లోపమా? కాదేమో. ఈ కథ చెప్పుకున్నవాళ్ళకి విచారణలు ఎలా నడుస్తాయో తెలిసి ఉంటుంది. ఆకలి గురించి మాట వచ్చినప్పుడు అడిగేవాళ్ళ చెవి ఎలా పనిచేస్తుందో తెలిసి ఉంటుంది. ఆ చెవిని వాళ్ళు ఉన్నదున్నట్టు కథలో పెట్టేశారు.

ఇక చీమ. అంతవరకూ వచ్చినవన్నీ జవాబులు. చీమది ప్రశ్న. అంతవరకూ ప్రతి జవాబూ ఇంకొకళ్ళ పేరుతో మొదలైంది, చీమ ఒక్కటే ‘నా’ అని మొదలెడుతుంది. దానికో ఇల్లుంది, ఎవరో అందులో వేలు పెట్టారు, కుట్టింది. కుట్టలేదని బుకాయించదు, ఇంకెవర్నీ చూపించదు. కథలో ఒక పని చేసి, చేశానని ఒప్పుకుని, ఎందుకు చేయకూడదో చెప్పమని అడిగే ప్రాణి అదొక్కటే. దాంతో అడిగేవాడి నోరు పడిపోతుంది. అందుకే కథ అక్కడ ఆగుతుంది. చీమకి చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదు.

మా నాయనమ్మ అక్కడికి రాగానే చీమ పాకుతున్నట్టు రెండు వేళ్ళు మోచెయ్యి మీదుగా నడిపించి చంక దగ్గర గిల్లేది. కితకితలు. నేనెప్పుడూ ఆ గిల్లుడు కోసమే కథంతా ఓర్చుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే పద్ధతి చాలా పక్కాగా ఉంది: కథంతా అడుగుతూ వచ్చిన నోటికి చివర్న ఒక గిల్లుడు. పుట్టలో వేలు పెట్టింది ఎవరో చర్మానికి తెలిసేలా.

ఇలాంటి గొలుసు కథలు ప్రపంచమంతా ఉన్నాయి. యూదులు పస్కా పండగ రాత్రి భోజనాల చివర పిల్లలతో పాడే హద్ గద్యా ఒకటి. నాన్న రెండు కాసులకి ఒక మేకపిల్లని కొన్నాడు. పిల్లి దాన్ని తినేసింది, పిల్లిని కుక్క కరిచింది, కుక్కని కర్ర కొట్టింది, కర్రని నిప్పు కాల్చింది, నిప్పుని నీళ్ళు ఆర్పాయి, నీళ్ళని ఎద్దు తాగింది, ఎద్దుని కసాయి కోశాడు, కసాయిని మృత్యుదూత తీసుకుపోయాడు, చివర్న దేవుడొచ్చి మృత్యుదూతని చంపాడు. ఆ గొలుసు మెట్టు మెట్టుకీ పైకి పోతుంది. కింద జరిగిన అన్యాయానికి పైన ఎవరో ఒకరు లెక్క చూస్తారనే నమ్మకం, తరిమేసిన ఊళ్ళన్నీ మోసుకు తిరిగిన జాతికి ఆ నమ్మకం ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. మనది కిందకి పోతుంది. అందులో ప్రతివాడూ ఏదో ఒకటి చేశాడు, మనదాంట్లో ఎవరూ ఏమీ చెయ్యలేదు. అందులో పైన దేవుడున్నాడు, ఇక్కడ పైన రాజున్నాడు, కాకపోతే ఆయన దాకా ఎవరూ పోరు. రెండిటిలో ఏది పిల్లలకి మంచిదని అడిగితే చెప్పలేను. ఏది మా ఊరిలా ఉందో మాత్రం చెప్పగలను.

కొల్లేరు గురించి మనం రాసేవీ మాట్లాడేవీ చాలావరకు ఈ పద్ధతిలోనే ఉంటాయి. పక్షులు ఎందుకు తగ్గాయి? నీళ్ళు చెడిపోయాయి. నీళ్ళెందుకు చెడ్డాయి? చెరువుల గట్లు అడ్డొచ్చాయి. గట్టుని అడిగితే లీజుని చూపిస్తుంది. లీజుదారుడు, నేనొక్కణ్ణేనా, బుడమేరులోంచీ తమ్మిలేరులోంచీ పట్నాల మురుగంతా వచ్చి పడటం లేదా అంటాడు. ఉప్పుటేరు పూడుకుపోయింది, నీళ్ళు సముద్రంలోకి పోవట్లేదంటాడు. అన్నీ నిజాలే, గడ్డిమోపు ఎంత నిజమో అంత నిజం. 1970లలో మత్స్యకార సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువుల్ని ప్రోత్సహించింది ప్రభుత్వమే. తర్వాత అవి చేతులు మారి మారి డబ్బున్నవాళ్ళ దగ్గరికి చేరాయి. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరని గట్లు పగలగొట్టారు. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను. మా బంధువుల్లో నేను చూసినంతలో, గట్లు తెగినప్పుడు లీజుదారులు బాధపడ్డారు, తిట్టారు, తర్వాత ఇంకోచోట ఇంకో చెరువు చూసుకున్నారు. గట్టు మీద పాకలో ఉన్న కుటుంబాలు ఏమయ్యాయని మా ఇంట్లో ఎవరైనా అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఆ హాస్టలు ఫీజు చేపల డబ్బే. ఈ కథలో నేను రాజుగారి కొడుకుల వైపు మనిషిని. అది దాచి ఈ వ్యాసం రాస్తే ఐసులో పెట్టిన చేపని గాలానికి తగిలించినట్టే.

అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’ చదివినప్పుడు నన్ను మొదట ఆపింది ఆ పేరు. కొల్లేటి ఒడ్డున గడిచిన ఒక బాల్యాన్ని వెతుక్కుంటూ పోయే నవల అది. వసంత్ కన్నబిరాన్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ‘సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్’ అయింది. మెల్లగా ఒక సరస్సు చచ్చిపోతుంది. అందమైన పేరే. కాకపోతే ఆ వాక్యంలో చచ్చిపోయేది ఉంది గానీ చంపేది లేదు. వార్తల భాషా అంతే: కొల్లేరు కుంచించుకుపోయింది, ఆక్రమణకి గురైంది. చేప ఎండలేదు అన్నట్టే. ‘జాడలు’ అన్న మాట నాకు అందుకే ఎక్కువ నచ్చుతుంది. జాడంటే ఎవరో నడిచిన గుర్తు. నడిచినవాడెవడో ఉండాలి.

పిల్లల పుస్తకాలు వేసే ఒక స్నేహితురాలికి ఇదంతా ఫోన్లో చెబితే నవ్వింది. "వేదాంతం వాళ్ళు చేపని మనసన్నారు, నువ్వు కాపరిని కార్మికుడంటున్నావు. ఇద్దరూ చేసింది ఒకటే కదా. పిల్లల్ని నిద్రపుచ్చే కథ అది, దాన్ని అలా వదిలెయ్యొచ్చుగా?" ఆ మాటలో సగం నిజముంది. చీమ అంటే కొల్లేరు, చీమ అంటే ఐసు దగ్గరి పిల్లాడు అని నేను కూడా లెక్కలు కట్టడం మొదలెడితే, అది మరో ఫార్వర్డు మెసేజీ అవుతుంది. అందుకే చీమ చీమే అంటున్నాను. కాపరిని నేను కార్మికుడిగా మార్చలేదు, వాడు కథలో ఉన్నదే అలా. పశువులు కాసేవాడు, అన్నం తిననివాడు. అక్షరాలా. కథలో ఉన్నదాన్ని ఉన్నట్టు వినడానికీ, దాని స్థానంలో ఇంకోటి పెట్టడానికీ తేడా ఉంది. నిద్రపుచ్చడం సంగతి అంటారా, ఆ రాత్రి డాబా మీద ఒకడికి నిద్ర పట్టలేదు. చాలాసేపు దొర్లి దొర్లి, "అమ్మా, ఐసులో పెడితే బతుకుతుందని వాడు నిజంగా అనుకున్నాడా?" అన్నాడు. అనుకున్నాడన్నాను. "మరి కొట్టారెందుకు?" అన్నాడు. ఆ పాటికి నాకు అడుగు నీళ్ళ లాంటి జవాబులు అయిపోయాయి.

నాలుగు రోజుల తర్వాత తిరుగు ప్రయాణం. కొల్లేటి మధ్యలోంచి ఏలూరు పోయే రోడ్డు మీద కారులో చిన్నదానికి తోచక కథ చెప్పమని అన్నని పీకింది. వాడు ఏడు చేపలు ఎత్తుకున్నాడు. చేపా, గడ్డిమోపూ, ఆవూ అయ్యాయి. కాపరి దగ్గరికొచ్చాడు. "అవ్వ అన్నం పెట్టలేదు" అన్నాడు. ఒక్క క్షణం ఆగాడు. "అప్పుడు అన్నం పెట్టారు. వాడు తిన్నాడు. ఆవు గడ్డి తినేసింది. చేప ఎండిపోయింది. అయిపోయింది."

"చీమేదీ?" అంది చిన్నది చెయ్యి చాపి.

"చీమ లేదు. అయిపోయింది."

చీమ లేకుండా కథెలా అయిపోతుందని, గిల్లనే లేదని, ఏలూరు స్టేషను వచ్చేదాకా ఒకటే ఏడుపు.